బోణీ అయ్యాక

బరంపురంలో మా చుట్టాల్లో ఎవరింట పెళ్ళి కుదిరినా పట్టుచీరల బేరానికి నన్ను పిలుస్తారు. అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూడటం, పెదవి విరవడం, మోకాలి మీద చెయ్యి ఆనించి లేవడం, గుమ్మం దాకా నడిచి చెప్పులు వెతుక్కున్నట్టు నటించడం, ఆ చెప్పులు మాత్రం దొరక్కపోవడం. వీటిలో ఏది ఎప్పుడు చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. కొట్లో పుట్టి కొట్లో పెరిగినదాన్ని. కొట్టువాడి ముఖంలో ఏ గీత ఎప్పుడు వదులవుతుందో నాకు తెలిసినంతగా వాడి పెళ్ళానికి కూడా తెలియదు.

ఇంత చేతనైన నేను బతుకులో ఒక్కసారి కూడా పొద్దున్నపూట బేరానికి వెళ్ళలేదు. బేరం తెలిసినవాళ్ళు షట్టరు ఎత్తగానే వెళ్తారు. బోణీ కాని కొట్లో మొదటి మనిషిని ఎవడూ ఉత్తచేతులతో పంపడు. ఆ ఒక్కటీ నష్టానికైనా ఇస్తాడు, మిగతా రోజు బాగుండాలని. నేను మాత్రం పదకొండు దాటాక బయల్దేరతాను. "ఎండెక్కినాక బేరానికెల్లీ మనిసి లోకంలో నువ్వొక్కదానివే" అని మా తోటికోడలు నవ్వుతుంది. ఇంటిపని తెమలదని చెబుతాను. అది అబద్ధం. నా కాలు మంచిది కాదు, అదీ నిజం. అంటే, నిజం కాదని ఈ మధ్యనే పది వారాలు కూర్చుని నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నది ఎంతదాకా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

కిందటి వానాకాలం మొదట్లో మా అమ్మాయి బ్లౌజుల కొట్టు పెడతానంది. భువనేశ్వర్‌లో కుట్టుపని నేర్చుకుని వచ్చింది, రెండు మిషన్లు కొంది, సందు మొగలో ఒక గది చూసుకుంది. దసరా ముందు ముహూర్తం. అంతా అయ్యాక, అన్నం తింటూ మామూలుగా అన్నట్టు అంది.

"అమ్మా, బోణీ నువ్వే సెయ్యాలి."

"నానెందుకే. మీ అత్తలున్నారు, ఇంకోళ్ళున్నారు."

"నువ్వొచ్చీదాకా నానెవళికీ అమ్మను. కలెక్టరొచ్చి నిలబడినా సరే, బయటే కూకోమంటాను."

"నా సంగతి నీకు తెలుసు గదే."

"తెలుసు గనకే అడుగుతున్నాను."

దానికి అంతా తెలుసు. చిన్నప్పుడు నేనే దానికి అన్నం తినిపిస్తూ నవ్వు కథలుగా చెప్పాను. అది నవ్వుతూ వింటోందనుకున్నాను, దాచుకుంటోందని తెలియలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గరే ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆస్పత్రి రోడ్డులో మందుల కొట్టు మేడమీద ఒక మేడమ్ వారానికొక క్లాసు పెడుతుందట. చిన్నతనంలో ఇంట్లో దెబ్బతిన్నవాళ్ళకి. పది వారాలు, వారానికొక మెట్టు. నా పేరు రాయించేసిందట.

"నన్నెవరు కొట్టినారే? మా నాన్న నా మీద సెయ్యెత్తలేదు."

"దెబ్బంటే కొట్టడమొక్కటేనేటి?" అంది, మజ్జిగ పోసుకుంటూ.

లెక్క చూసుకుంటే ముహూర్తానికి సరిగ్గా పదకొండు వారాలుంది. వెళ్ళాను.

*

మా నాన్నది గుడ్డల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక నీలం తెర. నాకు ఆరేళ్ళప్పుడు ఒక పొద్దున్న, పలక కనబడలేదని ఏడుస్తూ, తల దువ్వుకోకుండా, ఆ తెర తోసుకుని కొట్లోకి పరిగెత్తాను. సరిగ్గా అప్పుడే భంజనగర్ వైపు నుంచి వచ్చిన పెళ్ళివారు బండి దిగి మెట్టెక్కుతున్నారు. నన్ను చూశారో, నా వెనక తెర సందులోంచి కనబడిన అంట్ల గిన్నెలు చూశారో, ఎదుటి కొట్లో వేలాడుతున్న ఎర్రచీర చూశారో నాకిప్పటికీ తెలియదు. వెనక్కి తిరిగి ఎదుటి కొట్టుకు వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని పెళ్ళి మొత్తానికీ గుడ్డలు కొన్నారు.

నాన్న కోప్పడలేదు. నా పాదాల వైపు చూశాడు. విప్పిన తానులో మరక కనబడితే చూసేవాడు అలా.

"ఈ గుంట కాలు మంచిది కాదే" అన్నాడు అమ్మతో. తిట్టినట్టు కాదు. ఈ రంగు నిలవదు, ఈ నేత పలచన అని సరుకు గురించి చెప్పే గొంతుతో. సరుకు గురించి నాన్న చెప్పింది ఎప్పుడూ తప్పలేదు.

అప్పట్నుంచి పొద్దున్నపూట నా స్థలం తెర వెనక. అమ్మ నా జడ చేత్తో పట్టుకుని కూర్చునేది, నేను పొరపాటున అవతలికి పోకుండా. దూడను పలుపుతో పట్టుకున్నట్టే, కానీ ఆ చెయ్యి మెత్తగానే ఉండేది. కొట్లో లక్ష్మి పటానికి దణ్ణం పెట్టుకోవాలన్నా బోణీ అయ్యాకే. కొన్నిరోజులు తొందరగా అయ్యేది, కొన్నిరోజులు బడి గంట దాటినా అయ్యేది కాదు. బడి దారి కొట్లోంచే కనక ఆ రోజు నాకు బడి లేదు. చివరికి మొదటి నోటు నాన్న కళ్ళకద్దుకున్న చప్పుడు, అంటే ఆయన రాళ్ళ ఉంగరాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, వినబడేది. తరవాత ఆ మాట:

"బోణీ అయిపోనాది. ఇప్పుడు రా."

పెళ్ళయి వెళ్ళేదాకా, మధ్యలో జ్వరాలూ జాతర్లూ పోను, రోజూ విన్నాను. అందులో కోపం ఉండుంటే నేనూ ఎప్పుడో కోపం తెచ్చుకుని ఉండేదాన్ని. ఉండేది కాదు. కొంచెం ప్రేమ కూడా ఉండేది.

*

మేడమ్ ఒడియా ఆవిడ. బరంపురంలో పుట్టింది కనక తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. మొదటిరోజే పది మెట్లూ ఉన్న కాగితం పంచింది. జరిగింది జరిగినట్టు చెప్పడం. అది ఎవరి గొంతో గుర్తుపట్టడం. ఒంట్లో ఎక్కడ దాక్కుందో చూడటం. దేవుడి ముఖం మీదనుంచి ఇంట్లోవాళ్ళ ముఖం తీసెయ్యడం. కుర్చీతో మాట్లాడటం. తరవాత భయాల నిచ్చెన, కింది మెట్టు నుంచి పైకి, వారానికి రెండు. కాగితం రెండువైపులా తిప్పి చూశాను. అలవాటు.

"పది వారాలు మరీ ఎక్కువ కదండీ. మూడూ నాలుగూ కలిపి ఒకేరోజు కానిచ్చెయ్యకూడదా?"

"కుదరదు దీదీ."

"పోనీ, ఆ కుర్చీది వదిలేసి తొమ్మిదికి ఖాయం చెయ్యండి."

"దీదీ, ఇది చీర కాదు."

గదిలో ఉన్న ఏడుగురూ నవ్వారు. నాకు నచ్చింది. ఎక్కడైనా ముందు నవ్వించి కూర్చుంటే సగం పని అయినట్టే.

ఆ ఏడుగురిలో ఒకతను పొడంపేట నుంచి వచ్చేవాడు, చేపలవాళ్ళబ్బాయి, నలభై ఏళ్ళుంటాయి. పుట్టగానే తల్లి పోయిందట. అందుకని తల్లిని తిన్నవాడని పేరు. పడవ నీళ్ళలోకి తోసేటప్పుడు అతను చెయ్యి వెయ్యకూడదు, పడవ తేలాక ఎక్కాలి. వాళ్ళ ఊరి ఇళ్ళు సముద్రం తినేసినప్పుడు కూడా నాయనమ్మ అతని వైపే చూసిందట. నన్ను అప్పా అని పిలిచేవాడు, అక్కా అన్నట్టు.

రెండో వారం నా వంతు. జరిగింది జరిగినట్టు చెప్పమంది మేడమ్. నేను నా దగ్గరున్న మంచి సరుకు బయటికి తీశాను. ఎదుటి కొట్టు కథ.

నాకు ఏడేళ్ళొచ్చాక నాన్నకొక ఉపాయం తట్టింది. కొట్టువాడు కదా, పనికిరాని ముక్క కూడా పారెయ్యడు. ఒక పొద్దున్న నన్ను పెరటి గోడ మీంచి సందులోకి దించి, చేతిలో పెప్పరమెంటు పెట్టి చెప్పాడు: "ఎదుటోళ్ళ మెట్టు మీద కూకోని కాసేపు గచ్చకాయలాడుకోనొచ్చీయ్. ఎవులైనా అడిగితే ఊరికే కూకున్నానని సెప్పు." వెళ్ళి కూర్చున్నాను. మర్నాడు కూడా. వారం రోజులు. నాకెంత గర్వంగా ఉండేదంటే, ఇంట్లో అందరికీ ఏదో ఒక పని ఉంది, నాకూ ఒక పని దొరికింది. నా కాలు ఒకచోట పనికొచ్చింది. చివరికి ఆ ఎదుటి కొట్టాయన కనిపెట్టి, వీధిలోనే నిలబడి నాన్నతో అన్నాడు.

"బావా, నీ కూతుర్ని నా మెట్టు మీంచి తీసికెల్లు. లేపోతే నా కూతుర్ని తెచ్చి నీ మెట్టు మీద కూకోబెడతాను."

"కూకోబెట్టు బావా. నీ కూతురు కాలు మంచిదేగా."

వీధంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఈ కథ నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో, ఎక్కడా ఆడకుండా పోలేదు. మందుల కొట్టు మేడమీద కూడా ఆడింది. పొడంపేట అతను ఒక్కడు నవ్వలేదు. మేడమ్ నవ్వలేదు.

"పెప్పరమెంటు ఏ రంగు దీదీ?"

"తెల్లది. ఎర్ర చారలు" అన్నాను. నోట్లో ఆ తీపి, ఆ మెట్టు రాయి చల్లదనం, గచ్చకాయల చప్పుడు. కళ్ళు తుడుచుకుంటూ నేను అందరికంటే ముందు ఆలోచించింది ఏమిటంటే, పనిచేస్తోంది, ఈ మందు పనిచేస్తోంది, ముహూర్తానికి ఇంకా తొమ్మిది వారాలుంది అని.

మళ్ళీ అంత బాగా ఏ వారమూ పనిచెయ్యలేదు.

*

దేవుడి వారం మేడమ్ కళ్ళు మూసుకోమంది. దేవుణ్ణి తలుచుకుంటే ఎవరి ముఖం కనబడుతోందని అడిగింది. ముఖం కనబడలేదు. గద్దె మీద తెల్లపరుపు, గజం కర్ర, వంగి నా పాదాలు చూస్తున్న ఒక తల. దణ్ణం పెట్టడానికి నేను నీలం తెర ఇవతల నిలబడి ఉన్నాను. బోణీ ఎప్పుడవుతుందా అని. యాభై ఏళ్ళొస్తున్నాయి, ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్రకు పోయి జనంలో నలిగి కొబ్బరికాయ కొట్టి వస్తున్నాను, అన్నిసార్లూ నా ముందు ఒకరిద్దరు వెళ్ళాకే వెళ్ళానన్న సంగతి ఆ రోజు తెలిసింది. ఆ తల తీసెయ్యండి దీదీ, ఇంకో ముఖం పెట్టండి అంది మేడమ్. ఏ ముఖం పెట్టను? నాకు తెలిసినవన్నీ కొట్టువాళ్ళ ముఖాలే.

కుర్చీ వారం ఇంకా అన్యాయం. ఖాళీ కుర్చీలో నాన్న ఉన్నాడనుకుని, ఆయనతో అప్పుడు అనలేని మాట ఇప్పుడు అనాలి. నాన్న పోయి చాలాకాలమైంది. నేను మొదలుపెట్టాను. నన్ను అలా ఎందుకు చేశావు అన్నాను. మేడమ్ బాగుందంది. ఆయనేమంటున్నాడు అని అడిగింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. అవతలి మనిషి ఏమంటాడో చెప్పడమే నా వృత్తి.

"కొట్టు నడవకపోతే నీకు పెల్లెలా సేసేవాణ్ణే?" అన్నాను నాన్న గొంతుతో. "ఆ రోజు పెల్లోరు ఎనక్కెల్లలేదా? నీ కళ్ళారా సూణ్ణేదా? నిన్ను నాను కొట్నానా, తిట్నానా, తిండి తక్కువ సేసినానా? పెప్పరమెంటు నీ తమ్ముడికిచ్చినానా, నీకిచ్చినానా?"

అడిగినకొద్దీ ఆయన దగ్గర జవాబులున్నాయి. నా దగ్గర లేవు. నా వైపు బేరం నేనెప్పుడూ నేర్చుకోలేదు కదా. పది నిమిషాల్లో నేనే ఆయనకి క్షమాపణ చెప్పేసి కుర్చీ పక్కకి జరిపాను. మేడమ్ చాలాసేపు కాగితాలు సర్దుకుంది.

"మీకు పెళ్ళయి వెళ్ళిపోయాక మీ నాన్నగారి కొట్టు బాగా నడిచిందా?" అని అడిగింది చివరికి.

"లేదండీ. నాలుగేళ్ళలో మూసేశారు."

"మీరు అక్కడ లేరు. అయినా మూతపడింది."

ఆవిడ చెప్పేది అర్థమవుతోంది. ఒప్పుకోవడానికి నోరు తెరిచాను. "దసరాలకీ పండగలకీ వచ్చేదాన్ని కదండీ" అన్నాను.

*

ఆరో వారం నిచ్చెన మొదలైంది. అట్టడుగు మెట్టు: బోణీ కాకముందు ఒక టీ బడ్డీలో టీ తాగడం. పైమెట్టు ఏమిటో చెప్పక్కర్లేదు. మేడమ్ దాని పక్కన ఒక చిన్న తలుపు బొమ్మ గీసింది.

మొదటి పొద్దున్న టీ బడ్డీకి వెళ్ళి, "బోణీ అయిందా?" అని అడిగాను. ఇంకా లేదమ్మా రండి అన్నాడు. చిల్లర తెస్తానని వెనక్కి వచ్చి, మూల మీద నిలబడి, ఒక రిక్షా అతను తాగి వెళ్ళాక పోయి తాగాను. టీ చాలా బాగుంది. మేడమ్‌కి తాగానని చెప్పాను. ఆవిడ ఎంతసేపటికి తాగారని అడిగింది. తెలివైన మనిషి.

రెండోసారి నిజంగానే చేశాను. పెద్దబజారులో పచ్చిమిరపకాయలు అమ్మే ముసలావిడ గంప దింపుతుండగా వెళ్ళి, ఏమీ అడక్కుండా, బేరం కూడా ఆడకుండా కొన్నాను. ఆవిడ డబ్బు కళ్ళకద్దుకుంది. నా వీపు మీద చెమట పట్టింది. అక్కడితో ఇంటికి పోవాల్సింది. పోలేదు. ఎదురుగా అప్పడాల కొట్టు నీడలో నిలబడి ఆవిణ్ణే చూస్తూ ఉన్నాను. కొంతసేపటికి ముగ్గురు కొన్నారు. నలుగురు కొన్నారు. నా గుండె తేలికైంది. అప్పుడు వాన. మామూలు వాన కాదు, బజారు గట్టర్లు పొంగిపోయిన వాన. ముసలావిడ గంప మీద గోనె కప్పుకుని, తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

"అందరి గంపలూ తడిశాయా దీదీ, ఆవిడదొక్కటేనా?" అంది మేడమ్ ఆ వారం.

"అందరివీ తడిశాయండీ."

"మరి?"

"వాళ్ళంతా ఆవిడ పక్కనే కదండీ కూర్చున్నారు."

ఈసారి కూడా అందరూ నవ్వారు. నేను నవ్వించాలని అనలేదు.

ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే పొడంపేట అతను చెప్పాడు, ఇక రానని. గుజరాత్‌లో పెద్ద బోట్ల మీద పని ఖాయమైందట, ఎల్లుండి బండి.

"మధ్యలో మానెయ్యకు తమ్ముడూ. నీ నిచ్చెన బాగా ఎక్కుతున్నావని మేడమ్ అంటోంది."

"ఏటెక్కుతాను అప్పా. మేడమ్ సెప్పీది ఇక్కడ కూకుంటే నిజవే. ఒడ్డుకెల్తే నాను పడవ మీద సెయ్యెయ్యగానే పదిమంది సేతులు ఎనక్కి తీసెత్తారు. ఆల్లకి ఎవులు సెప్తారు క్లాసులు?" జేబులోంచి క్లాసు కాగితం తీశాడు. "అక్కడ నా సంగతి ఎవుడికీ తెల్దు. తోసీమంటే తోసెత్తాను."

అతని కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మడతలు పడి, చేపల వాసన వేస్తోంది. పైమెట్టు పక్కన పడవ బొమ్మ కూడా మేడమే గీసింది. తెలియని చోటికి పోవడం ఒక్కటే మందైతే, నా సంగతి నాకు తెలియని ఊరు ఎక్కడుందో నాకెవరు చెబుతారు? అతనికి ఊరి నోళ్ళు. నా సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తే లేదు. ఆ కొట్టు స్థానంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గుర్తున్నది నాకొక్కదానికే.

*

తొమ్మిదో వారానికి నిచ్చెనలో ఎనిమిది మెట్లకి ఐదు ఎక్కాను. రెండు నిజంగా, మూడు మేడమ్‌కి తెలియకుండా కొంచెం సర్ది. పదో వారం మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "దీదీ, మీ అమ్మాయి లాభం కోసం మిమ్మల్ని పిలవడం లేదు. నష్టం వచ్చినా సరే అని పిలుస్తోంది. అది ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అంది. అది నాకు బాగా అర్థమైంది. అర్థమైనందుకే ఎక్కువ భయమేసింది. నష్టం వచ్చినా సరే అనుకున్న పిల్లకి నష్టం రాకుండా చూడటం తల్లి పని కాదా?

ముహూర్తం ఇంకా మూడు రోజులుందనగా, మా వీధి చివర రిటైరైన మాస్టారి భార్య దగ్గరికి వెళ్ళాను. బరంపురంలో కొత్త కొట్టు ఎవరు తెరిచినా ముందు ఆవిడ్ని పిలుస్తారు. ఆవిడ అడుగుపెడితే ఆ కొట్టు నిలుస్తుందని పేరు. అరుగు మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"ఒదినా, శుక్రవారం పొద్దున్న మా అమ్మాయి కొట్టులో బోణీ సెయ్యాలి."

"మోకాళ్ళు సూడు, గుమ్మడికాయలైపోనాయి. నానెక్కడికీ కదలటం నేదు."

"ఇంటి దగ్గిరికే ఆటో పంపుతాను."

"ఆటో కుదుపులకే సచ్చిపోతాను."

"ఆవకాయ రెండు జాడీలు పెడతాను. ఈ ఏడు కాయ మీరు సూణ్ణేదు, టెంక కూడా మెత్తగా నమిలీయొచ్చు."

"మాగాయ?"

"అదొక జాడీ."

నూనె గిన్నె పక్కన పెట్టింది. అంత త్వరగా ఒప్పుకున్నందుకు ఒక జాడీ ఎక్కువ చెప్పేశానే అని నాలిక కరుచుకున్నాను. చూడండి, అప్పుడు కూడా.

"అవునుగానీ, నీ సొంత కూతురు కొట్టు గదా. నువ్వెల్లొచ్చు గదేటి?"

"నా కాలు మంచిది కాదొదినా."

కాదమ్మా, అలాంటివేమీ లేవు అంటుందని ఒక్క క్షణం ఆగాను. పది వారాల పాఠంలో మిగిలి ఉన్నదంతా ఆ క్షణంలో ఆవిడ నోటివైపు చూస్తూ నిలబడింది.

"అవును, ఇన్నాను" అంది ఆవిడ.

*

శుక్రవారం పొద్దున్న తలంటుకుని, మంచి చీర కట్టుకుని, ముందుగానే వెళ్ళి ఎదురుగా గాజుల కొట్టు పక్కన, వాళ్ళింకా షట్టరు ఎత్తలేదు కనక ఎవరికీ నా వల్ల నష్టం లేని చోట, నిలబడ్డాను. మా అమ్మాయి కొట్టు ముందు ముగ్గేసి ఉంది. లోపల రంగురంగుల బ్లౌజులు వరసగా వేలాడుతున్నాయి. గుమ్మంలోనే నిలబడి వీధి వైపు చూస్తోంది. నా కోసం. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఏదో అడిగారు. చేతులు జోడించి నవ్వుతూ బల్ల మీద కూర్చోమంది. వాళ్ళు కూర్చున్నారు. ఇంకొకామె వచ్చింది. ఆమెనీ కూర్చోబెట్టింది. కలెక్టరొచ్చినా అన్న మాట నిలబెట్టుకుంటోంది.

రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు. మేడమ్ నేర్పినట్టు ఊపిరి లోపలికి పీల్చి నాలుగు లెక్కపెట్టాను. ఒక కాలు రోడ్డు మీద పెట్టాను కూడా. కుడికాలే. అప్పుడు ఆటో వచ్చి ఆగింది.

మాస్టారి భార్య దిగింది, ఒక్కొక్క మోకాలికీ ఒక్కొక్క దేవుణ్ణి తలుచుకుంటూ. గుమ్మం దగ్గర మా అమ్మాయి ఆమెకి అడ్డం నిలబడటం చూశాను. ఏదో చెబుతోంది, నవ్వుతూనే, తల అడ్డంగా ఊపుతూ. ఆవిడ కూడా ఏదో అంది. మా అమ్మాయి ముఖంలో నవ్వు పోలేదు. అక్కడే ఉండి, లోపలి మనిషి మాత్రం వెళ్ళిపోయినట్టయింది. కొట్టువాళ్ళ ముఖాలు చదవడం వచ్చినదాన్ని కదా, రోడ్డు ఇవతల నుంచి కూడా కనబడింది. పక్కకి జరిగి దారిచ్చింది.

ఆవిడ ఒక తెల్ల బ్లౌజు కొని, బయటికి వచ్చి, నేరుగా నా దగ్గరికే నడిచి వచ్చింది.

"పంతం పిల్ల నీ కూతురు. మాయమ్మ రావాల, మాయమ్మ రావాల అని ఒకటే. మీ యమ్మే నన్ను పంపిందే అన్నాను. అప్పుడిచ్చింది." ఆటో ఎక్కుతూ గుర్తుచేసింది, "మాగాయ మర్సిపోకు."

అంతకుముందు కూర్చోబెట్టిన ముగ్గురూ లోపలికి వెళ్ళారు. ఇంకొందరు వచ్చారు. నేను రోడ్డు దాటి గుమ్మం ముందు నిలబడ్డాను. మా అమ్మాయి మీటరు టేపు మెడలో వేసుకుని ఎవరికో కొలత తీస్తోంది. నన్ను చూసింది. నా కాళ్ళ వైపు మాత్రం చూడలేదు, పాపం, ఎంత జాగ్రత్తగా చూడలేదో.

"బోణీ అయిపోనాది అమ్మా" అంది. "ఇప్పుడు రా."

లోపలికి వెళ్ళాను. కూర్చోమని కుర్చీ వేసింది.

ఆ రోజు కొట్టు చాలా బాగా నడిచింది. అదే ఘోరం. తరవాతి నెల మూడో మిషను కొన్నప్పుడు, దాని మీద పసుపు పెట్టడానికి మాస్టారి భార్యని మా అమ్మాయే పిలిచింది. నాకు చెప్పకుండా, నేను నొచ్చుకోకుండా. మేడమ్‌కి పైమెట్టు ఎక్కానని ఫోన్‌లో చెప్పాను. చాలా సంతోషించింది. పొడంపేట అతని కాగితమూ నా కాగితమూ ఒకదాని మీద ఒకటి పెట్టి బియ్యం డబ్బా కింద ఉంచాను.

మా అమ్మాయి నాతో గొడవ పడలేదు. ఆ సంగతి ఎత్తనే లేదు. రోజూ పొద్దున్న కొట్టు తెరిచాక నాకు ఫోన్ చేస్తుంది. ఒక్కోరోజు తొమ్మిదిన్నరకి, ఒక్కోరోజు పదిన్నర దాటాక. గొంతులో కోపం ఏమీ ఉండదు.

"అయిపోనాదమ్మా. ఒస్తావా?"

వస్తానంటాను. చెప్పులు అప్పటికి గంట ముందే వేసుకుని, గుమ్మం ఇవతల, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాను.